పాలు పడలేదన్న మాట

డాక్టరమ్మ కొలతల టేపు చుట్టి పక్కన పెట్టింది. ఆమె ఏమంటుందోనని చూస్తూ పిల్లతల్లి జాకెట్టు హుక్సు పెట్టుకుంటోంది.

“పెళ్ళికి ముందు మీ రొమ్ములకు నేను చేసిన సర్జరీ బాగానే ఉందమ్మా. కాస్త జారాయి, అది గర్భం వల్ల.”

“అయితే పాలు మాన్పించి మంచి పనే చేశానన్నమాట.”

“మాన్పించారా? ఎప్పుడు?”

“పాపకు రెండో నెలలోనే. పాలిస్తే మీరు చేసిందంతా పాడైపోతుందని భయమేసింది.”

“అలాగని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అడగడానికి సిగ్గుపడ్డాను.”

“ఇచ్చినా ఇలాగే ఉండేవమ్మా. పాలివ్వడం వల్ల వీటికొచ్చే నష్టమేమీ లేదు.”

హుక్కు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. తలుపు అవతల పాపకు సీసా పడుతూ అత్తగారు తీస్తున్న కూనిరాగం లోపలికి వినిపిస్తోంది.

“మరి ఇంట్లో ఏం చెప్పారు?”

“సర్జరీ వల్ల చాలినన్ని పాలు పడలేదని.”

“నెపం నా మీద వేశారన్నమాట.”

“రోజూ స్నానాల గదిలో పాలు పిండి పారబోసేదాన్ని.”

“పెద్దావిడ ఏమీ అనలేదా?”

“నాలుగు మాటలన్నా బాగుండేది డాక్టర్. ‘ఇందులో నీ తప్పేముందే పిచ్చిదానా’ అంటూ ఐదు నెలలుగా నన్నే ఓదారుస్తోంది.”