చుట్టరికం గడి

రక్తానికి ఎంతవరకు తెలుస్తుంది, కన్నది ఎవరో కూడా చెప్పేస్తుందా అని ఆలోచిస్తూ ఆమె బీడీలు చుట్టడం ఆపేసింది. షుగరు జబ్బు సర్వేకు రక్తం తీసుకోవడానికి గాంధారి ఊరికి వచ్చిన అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆమె కూతురు లోపల చాయ్ పెడుతోంది.

"ఊర్ల గిన్ని ఇండ్లుండంగ మా ఇల్లే దొరికిందా బిడ్డా?"

"చీటీ తీసినట్టు తీసిన్రు పెద్దమ్మా. మీ ఒక్క ఇల్లు నాలుగు వందల ఇండ్ల తరఫున లెక్క."

"అబ్బో! సర్పంచు కన్న పెద్దదాన్నైన."

"అందుకే ఒక్క తప్పు రాస్తే నాలుగు వందల తప్పులైతయి. పిల్ల మీ కడుపున పుట్టిందేనా?"

"నా బిడ్డే. పదహారేండ్లు సాదిన."

"నేనడిగింది అది కాదు..."

"మెల్లగ మాట్లాడు. నెల పిల్లప్పుడు తెచ్చుకున్నం. దానికి తెల్వది."

అమ్మాయి లోపలి వైపు ఒకసారి చూసి దగ్గరికి జరిగింది.

"రేపు మీ మిషన్ల బయటపడి దానికి చెప్తె?"

"ఎవ్వలు చెప్పరు. ఆడ పేర్లుండయి, నంబర్లే. కాని తల్లి షుగరు బిడ్డకెట్ల దిగుతదో చూసే లెక్క ఇది. కన్నరని రాస్తే లెక్కే అబద్ధమైతది."

"అది ఇంటర్ చదువుతది. ఈ కాగితం జూస్తె?"

"ఈ చుట్టరికం గడిల మాటలు రాయను, అంకెనే ఏస్త. కన్నబిడ్డైతే ఒకటి, సాదుకున్న బిడ్డైతే మూడు. గంతే."

"అమ్మా, చాయ్‌ల చక్కెర ఎంత వెయ్యాలె?" లోపలి నుంచి కేక వినిపించింది.

"నాకొద్దు, అక్కకు రెండు చెంచలెయ్యి బిడ్డా!" అని బదులిచ్చి, ఆమె ఒళ్లోని చాట మాటున మూడు వేళ్లు చూపించింది.