ముల్లు పక్కన చీటీ

హలో… ఆ, నేనే బిడ్డా. నీ బ్యాగే సర్దుతున్న. హాస్టల్ ఖాళీ చేసినవా?

…

మామిడికాయ తొక్కు పెట్టిన. స్వెటర్ కూడా… ఏంది నవ్వుతవ్? భద్రాచలంల ఎండలైతే ఏమాయె, వాన పడదా?… సరే, తీసేస్త. ఆడ కొత్త లెక్చరరమ్మవు, నీ ఇష్టం.

కారు ఏడున్నది?… ఆర్ట్స్ కాలేజీ కాడనా. పెట్రోల్ ఎంతున్నది అండ్ల?

…

పావా? ముల్లు పావు మీద ఉన్నదా?… నవతా, ఆగు. బండి తియ్యకు.

…

సూర్యాపేట దాకా వస్తదని ఎవరు చెప్పిన్రు?… లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లా! అది కంపెనీ కాయితంల ముచ్చట. మీ తాత లెక్క చూస్తే పదమూడే. ఫుల్ కొట్టించినప్పుడల్లా మీటర్ సున్నా చేసేటోడు, మళ్ల కొట్టించేదాక ఎంత నడిచిందో చూసేటోడు. యూనివర్సిటీ బస్సు నడిపినోడు, ఊకనే చెప్తడా?

…

అదే చెప్తున్న. ఆ ముల్లు పావు కంటే కిందికి దిగదు. ట్యాంకు ఎండినా పావే చూపిస్తది.

…

ఎంకన్న మెకానిక్ రెండుసార్లు విప్పిండు, బాగు కాలే. అందుకే తాత ముల్లు పక్కన చీటీ అంటించిండు… ఇప్పుడు ఉండదు. నేనే పీకిన.

…

దసరాకు. బండి కడిగి బొట్టు పెట్టాలె గదా. కాయితం ముక్క మురికిగ కనవడ్డది. గోటితోని గీకి తీసిన. ఏం రాసున్నదో నాకేం ఎరుక? అప్పటికి నాకు చదువు రాదు.

…

ఆ… తెల్లారి, పండుగకు వచ్చిన మీ రత్నాకర్ మామ అదే బండి తీసిండు. "పావున్నది, సూర్యాపేటల కొట్టిస్తా అమ్మా" అన్నడు. చౌటుప్పల్ దాటినంక ఆగింది. డబ్బా పట్టుకొని బంకుకు నడిచిండు. ఇగ ఆ లారీ…

అది నీకు తెలుసు. చీటీ సంగతే తెల్వదు. ఎవ్వరికీ తెల్వదు.

…

తాతకా?… చెప్పలేదు బిడ్డా. బండి ఇంటికి తెచ్చినంక ఆయన దాని దిక్కు మళ్ల చూడలే. "అంత పెద్ద అక్షరాలతోని రాస్తే చదువుకోలేదా వాడు" అని కొడుకునే తిట్టుకుంట పోయిండు, కరోనా ఏడాది. నేను మంచం పక్కన కూసొని విన్న.

…

ఏడుస్తలేను. నువ్వు ఏడువకు… తాత రాతని ఆ ముక్క పారెయ్యలే, పసుపు డబ్బాల దాచిన. ఎవరిని చదవమంట? తార్నాక దుకాణాల బోర్డులు చూసుకుంట ఒక్కో అక్షరం నేర్చుకున్న. బుక్కులు తర్వాత. మొదట చదివింది ఆ చీటీనే.

…

నువ్వు నడిచి పోకు! నీ దోస్తు రజిని ఉన్నది గదా, స్కూటీ మీద పెట్రోల్ తెస్తదా?… ఆ, రెండు లీటర్లు చాలు. ఆ తర్వాత బంకుల ఫుల్ కొట్టించు, మీటర్ సున్నా చెయ్యి, ఇంటికి రా. బ్యాగు గుమ్మంలనే పెడుత.

చీటీ మళ్ల రాసిన, నా చేతితోని. ముల్లు పక్కనే అంటించుకో. ఎన్ని పండుగలొచ్చినా పీకకు.

…

ఏం రాసిన్నా? చదువుత, విని ఫోన్ పెట్టెయ్…

"ముల్లును నమ్మవద్దు. పావు అంటే ఖాళీ. ఫుల్ ట్యాంకుకు నాలుగు వందల కిలోమీటర్లే." అంతవరకు తాత మాట. కింద నాది —

"నా కొడుకు రత్నాకర్ తిరిగి రాలేదు. రెండు వేల పదహారు, దసరా మర్నాడు."