వాటరింగు, క్రాసింగు

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళుండే పేట ఖరిదా. గూడ్సు గార్డుగా రిటైరై ఏడాదైన ఆమోసు, బజారు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. లోపల ఆయన భార్య స్వర్ణకుమారి ఆనపకాయ చెక్కు తీస్తోంది.

"మన పేర్లు ఎందుకు కొట్టించీసినావు?"

"ఏ పేర్లు?"

"ఏ పేర్లంటావేటి! ఆదివారం మన వీధోలందరూ దీఘా సముద్రానికి ఎల్తన్న బస్సులో పేర్లు."

"ముందు ఆ సంచీ కింద ఎట్టు. టమాటాలు తెచ్చినావా?"

"తెచ్చినాను. పేర్లు ఎందుకు..."

"గట్టివేనా, నలిగిపోయినవా?"

"స్వర్ణా!"

"నీ కోసమే మావా. ప్రోస్టేటు పెరిగిపోయి ఉన్నాదని డాక్టరు సెప్పినాడు కదా. బస్సులో మూడు గంటల ప్రయాణం. నువ్వు అరగంట ఆగలేవు."

"అందుకని బస్సు సూసుకుంటున్న దినకర్‌కి సెప్పీసినావా? ఆడు నడిబజార్లో, కూరగాయల దీదీ ముందర, 'బాబాయ్, ఒంటేలు ఇబ్బందంట కదా' అన్నాడు. ఆ దీదీకి తెలుగు రాదనుకున్నాను. ఓ గుమ్మడికాయ ముక్క ఊరికే సంచీలో పడీసి, గింజలు ఏపుకు తినమన్నాది!"

"మంచిదే కదా. గింజలు తీసి ఆరబెడతాను."

"నవ్వుతున్నావా?"

"నేదు. నన్ను నవ్వించకు మావా. నేను ఆడి పెళ్ళాం ఇందూతో సెప్పినాను, అంతే. ఒక్క ఇందూతోటే."

"ఇందూతో సెప్తే టేసన్లో మైకులో సెప్పినట్టే!"

"పోనీలే. సముద్రం ఎక్కడికి పోతాది?"

"అది పోదు. మనం పోతాం."

"ఛ, ఏటా మాటలు!"

"మరేటి? పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. దీఘా తీసుకెల్తానని మూడుసార్లు మాటిచ్చినాను. మూడుసార్లూ డ్యూటీ కాల్ వచ్చీసింది."

"రెండోసారి పట్టుచీర కూడా కట్టీసుకున్నాను."

"సూసినావా, నీకూ గుర్తుంది. ఇప్పుడు నాకు డ్యూటీ నేదు. నీకు సముద్రం సూపించకుండా పోతే ఆ బాకీ నాకు పీకలమీదే ఉండిపోతాది."

"నీ ఒళ్ళు బాగుపడనీ, సూద్దాం."

"దాని కోసమే కదా రెండు నెలలుగా నువ్వు ఎట్టిందల్లా తిన్నాను! ఆవకాయ వద్దన్నావు, మానీసినాను. ఎండుమిరపకాయల కారం వద్దన్నావు, మానీసినాను. రాత్రి ఏడు దాటితే గుక్కెడు నీళ్ళు నేవు. వారంలో ఈ ఆనపకాయ ఎన్నోసారి?"

"నాలుగోసారి. మరి చా?"

"చా రోజుకొకటే. పొద్దున్న నువ్విచ్చిందే."

"అలాగా. డాక్టరు రాయమన్న పుస్తకం ఇలా పట్రా."

"అదెందుకిప్పుడు?"

"ఎప్పుడేటి తాగినావు, ఎన్నిసార్లు ఎల్లినావు, అన్నీ రాస్తన్నావు కదా. నేనూ సూస్తాను."

"నీకు అర్థం కాదులే. రైల్వే పద్ధతిలో రాసినాను."

"అదిగో, రేడియో మీదే ఉన్నాది. నిన్నటిది. 'ఐదూ పది, స్టార్ట్.' స్టార్టేటి?"

"నిద్ర లేచినాను."

"'ఐదూ పన్నెండు, డిటెన్షన్ నాలుగు నిమిషాలు.'"

"అదీ... ఎల్లినాక వెంటనే రాదు కదా. నిలబడాలి. బండి ఎంతసేపు ఆగిపోయిందో గార్డు రాసుకోవాలి."

"నవ్వించకు మావా. నిజంగా నవ్వించకు."

"నవ్వితే ఏటయిపోద్ది?"

"ఏటీ అవదు. 'తొమ్మిదీ నలబై, వాటరింగు.' ఇదేటి?"

"నీళ్ళు."

"ఎక్కడ?"

"ఖరిదా మోడ్ దగ్గర."

"మోడ్ మలుపులో నీళ్ళా?"

"చా. మట్టి కప్పులో. చిన్న భాండం."

"'సాయంత్రం ఐదూ పావు, వాటరింగు.'"

"అదీ చిన్న భాండమే."

"నాకు అబద్ధం సెప్తావు, పుస్తకంలో నిజం రాస్తావా?"

"జర్నల్లో అబద్ధం రాయకూడదు స్వర్ణా. సర్వీసంతా ఒక్క రోజూ రాయనేదు."

"సరే. నీ నిజం నువ్వే విను. రాత్రి పదకొండున్నర. పన్నెండూ యాబై. ఒంటిగంటా నలబై. రెండూ ఇరవై... మొత్తం ఏడుసార్లు! ఏడుసార్లు లేచినోడు బస్సెక్కుతాడా? అందుకే కొట్టించినాను. ఇంక మాట్లాడకు."

"సరిగ్గా సదువు. టైముల పక్కన ఏటి రాసున్నాది?"

"పదకొండున్నర పక్కన ఏటీ నేదు."

"అది నాది. తర్వాత?"

"'క్రాసింగు.' దాని కిందా 'క్రాసింగు'. అంటే?"

"సింగిల్ లైన్లో మనం ఆగుంటే ఎదురుబండి ఎల్లిపోతాది కదా. ఆ టైమూ రాసుకుంటాం. చెయ్యి ఊరుకోక రాసీసినాను."

"ఇంట్లో ఎదురుబండేటి?"

"నువ్వే. ఏడులో నావి మూడు."

"మరి మిగతావి?"

"మిగతా నాలుగూ నీవి, స్వర్ణా."

"దొంగనిద్ర పోయినావా?"

"నువ్వు లైటు ఎయ్యకుండా గోడ తడుంకుంటూ ఎల్తావు. నేను కళ్ళు తెరిస్తే సిగ్గుపడతావని ముసుగెట్టుకుంటాను."

"ఎన్నాళ్ళనుంచి తెలుసు?"

"నువ్వు నవ్వడం మానీసిన కాడినుంచి. సుజాతమ్మ గారింట్లో ప్రార్థనకి ఎల్లడం మానీసినావు. సినిమాకి రావు. తుమ్మొస్తే కాళ్ళు దగ్గరకి ముడుచుకుంటావు. అడిగినోలందరికీ మాత్రం మా ఆయనకి బాగోనేదంటావు."

"నవ్వినా, దగ్గినా తడిసిపోతాది మావా. రాత్రయితే నిమిషం ఆగదు. ఎవరితో సెప్పుకుంటాను?"

"నాతో."

"నీ పనే నీకు సాలుతాది కదా."

"నాకు ఆనపకాయ, నీకు మౌనవ్రతమా? డాక్టరు కూడా పుస్తకం సూసి, క్రాసింగేటని అడిగినాడు. సెప్పీసినాను."

"అయ్యో! ఆయనకి సెప్పీసినావా!"

"ఆయన నవ్వనేదు. ఆడోలకి ఇది మామూలేనంట, మందులున్నాయంట. డాక్టరమ్మకి సూపించమన్నాడు. మంగళవారానికి నీ పేరు రాయించినాను."

"నన్నడక్కుండానే?"

"నువ్వు నన్నడిగే కొట్టించినావేటి? కళ్ళు తుడుసుకో. ఆనపకాయకి ఏడిసినోలు ఎక్కడా నేరు."

"నవ్వించకన్నాను కదా!"

"నవ్వు. తడిస్తే సీర మార్సుకుందువు."

"మరి మంగళవారం నాటికి ఆదివారం అయిపోతాది కదా మావా. సముద్రం సూడాలని నాకు మాత్రం నేదేటి? గానీ అంతమందిలో లేచి, బస్సు ఆపమని నోరిప్పి అడగలేను. సచ్చిపోతాను సిగ్గుతోటి."

"నువ్వెందుకు అడగడం? మన పేర్లు మళ్ళీ రాయించే వచ్చినాను. తలుపు పక్క సీట్లు రెండూ మనవే."

"ఉన్నా ఏటి లాభం..."

"నా రోగం ఎలాగూ వీధంతా సెప్పీసినావు కదా. నీకు వచ్చినప్పుడల్లా నా మోకాలు మీద తట్టు. 'డ్రైవర్ దాదా, ఆపు, నాకొచ్చింది' అని నేను కేకేస్తాను."