పొంగాల్సిన పాలు

"ఆ ఇంటావిడకి కోపమొచ్చి, ఈ చలిలో నిన్ను బయటికి పొమ్మంటే ఏం గతే?"

కూతురు జర్మనీలో ఇవాళే అద్దెకు దిగిన వంటింటిని, ఏలూరు నుంచి వీడియోలో చూస్తూ తల్లి బెంగపడింది.

"పాలు పొంగించడం మానేస్తే సరి. పొయ్యంతా అద్దమమ్మా, మరక పడకూడదంది."

"పాలు పొంగని ఇంట్లో ఎలా ఉంటావే? నాకు ముద్ద దిగదు."

"అయితే అడగనా? ఇక్కడే ఉంది."

"అడుగు. అండీ అంటూ మెల్లిగా అడుగు."

"వీళ్ల భాషలో అండీ ఎక్కడిదమ్మా!"

కూతురు అటు తిరిగి ఏదో చెప్పింది. అవతల సొరుగు లాగిన చప్పుడైంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దులేవే, ఊరుకో. ఏమనుకుందో ఏమో..."

కూతురు మళ్లీ ఫోన్ వైపు తిరిగింది.

"గుడ్డ తెచ్చుకుని నా పక్కనే నిలబడిందమ్మా. గిన్నె నిండా పోయమంటోంది."