దేవుని అల్మారల టోపీ

"అమ్మమ్మా, దేవుని అల్మారల ఈ టోపీ ఏంది? వెంకటేశ్వరస్వామి పక్కపొంటి ఎందుకు పెట్టిన్రు?"

తియ్యకు, తియ్యకు. అట్లనే ఉండనియ్యి సింధూ. పాత ముచ్చట్లు ఫోన్‌ల రికార్డు చేస్తనన్నవని నా పెండ్లి ముచ్చట చెప్దామనుకున్న. సరే తియ్యి, నువ్వు అడిగినవ్ గదా, ఇదే చెప్త. మా బిడ్డ సరిత కూరగాయలకు పోయింది, అది వచ్చేలోపట. దాని ముందట ఈ ముచ్చట ఎత్తొద్దు.

ఈ ఎండకాలం నువ్వు కిరాయికుంటున్న ఆ పై అర్ర ఎవలదనుకున్నవ్? మా సరిత కొడుకుది, అఖిల్‌ది. గోడకు నాలుగు మొలలున్నయ్ జూడు, అవి వాని ఫుట్‌బాల్ ఫోటోలయి. ఫుట్‌బాల్ అంటే కాలుతోని తన్నేది గాదు బిడ్డా, మొదట్ల నేనూ గట్లనే అనుకున్న. ఇక్కడ అమెరికల ఆడేది వేరు. నెత్తికి ఇనుప టోపీ, ఇనుపది గాదు, ప్లాస్టిక్‌దే, గట్టిది, అది వెట్టుకొని ఒకన్నొకడు గుద్దుకునుడు. బంతి పట్టుకొని ఉరికొచ్చేటోన్ని అడ్డం వడి పడగొట్టుడు మావోని పని. ఆరడుగుల రెండంగుళాలుండె పిలగాడు. వాళ్ల తాత, మా ఆయన, రైస్ మిల్లుల గుమస్తా, సగం బస్తా గూడ లేపకపోతుండె. వీనికి ఆ ఒళ్లు యాడికెళ్లొచ్చిందో! వాని బూట్లే నూట ముప్పై డాలర్లంట. మా లగ్గానికి ఆయన తొడిగిన చెప్పులు పదకొండు రూపాయలు, అవి గూడ వాళ్ల అన్నవి.

శుక్రారం వచ్చిందంటే ఆట. మా ఊరు ఊరంత కూసున్నా ఆ స్టేడియం సగం నిండది, ఇస్కూలు పోరల ఆటకు! నేను పొయ్యేముందు ఉప్పూ మిరపకాయలతోని దిష్టి తీస్తుంటి. ఇంట్ల కాలిస్తే స్మోక్ అలారం మొత్తుకుంటదని గరాజ్‌ల తీసేది. "అమ్మమ్మా, మేక్ ఇట్ క్విక్" అనుకుంట వంగి నిలబడుతుండె. వంగకుంటే నా చెయ్యి వాని నెత్తికి అందకపోతుండె.

అక్టోబర్‌ల అనుకుంట ఒక ఆట. నాకు బంతి యాడుందో ఎన్నడూ తెల్వది, నేను పిలగాన్నే జూస్త. అందరి కండ్లు బంతి మీద, నా కండ్లు వాని మీద. ఎదురుంగ ఒకడు ఉరికొచ్చిండు, ఇద్దరి తలలు టప్పుమన్నయ్. ఆ సప్పుడు ఇప్పటికీ... ఏం జెప్పాలె. లేచిండు. జనమంత సీటీలు కొడుతున్నరు, మా అల్లుడు మాధవ్ ఎగిరి దుంకుతుండు. వీడు లేచి అవతలి టీమోళ్ల దిక్కు నడుస్తుండు! నాలుగడుగులు పోయి ఆగిండు, మల్లిండు. ఎవ్వలూ జూడలే. నేను జూశిన.

తెల్లారి పొద్దుగాల నేను ఉప్మా చేస్తున్న. వచ్చి కుర్చీల కూసున్నడు. కిటికీ దిక్కు జూసి, "అమ్మమ్మా, తాతయ్య ఏడీ? వాకింగ్ పోయిండా?" అన్నడు.

వాళ్ల తాత పోయి అప్పటికి నాలుగేండ్లు, సింధూ.

నా చేతుల గంటె అట్లనే ఉంది. నా మొఖం జూసి వానికి సమజైంది, తెల్లగైండు. లేచి సింకుల కక్కుకున్నడు. నేను "సరితా" అని పిలువబోతే నా చెయ్యి వట్టి గుంజి తన నెత్తి మీద పెట్టుకున్నడు. "అమ్మకి చెప్పొద్దు. డాక్టర్ పేపర్ లేకుండా ఆడనివ్వరు. కాలేజ్ కోచెస్ నా ఆట చూడటానికి వస్తున్నారు. ఒట్టు, అమ్మమ్మా. ఒట్టు వెయ్యి."

ఆ ఒట్టు ఎవలు నేర్పిన్రో ఎరుకేనా? నేనే. చిన్నప్పుడు టీవీ జూసి జూడలేదంటే, "నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు, అబద్ధమైతే నా తల పలుగుతది" అంటుంటి. ఏడ్సి నిజం చెప్తుండె. ఇక్కడ పుట్టిన పిలగాడు, మనది సగం మాట రాదు, ఆ ఒక్కటి మంచిగ నేర్సుకున్నడు. నేను నేర్పిందే తెచ్చి నాకు పెట్టిండు. పెట్టింది గూడ నా తల మీద గాదు, తన తల మీద, ఆ దెబ్బ తగిలిన తల మీద! నేను ఒట్టేసిన.

"మరి నోరెందుకు మూసుకున్నరు అమ్మమ్మా? అంత తెలిసి?"

అడుగు, అడుగు. నీ అంత గట్టిగ అడిగేటోళ్లు అప్పుడు ఈ ఇంట్ల ఒక్కరున్నా బాగుండు. చెప్తే ఒట్టు తప్పి ఆ తలకే తగులుతదని భయం. చెప్పకుంటే మల్ల ఆటల ఆ తలకే తగులుతదని భయం. ఏ దిక్కు పోయినా ఆ తలే. నవ్వకు. మీరు చదువుకున్నోళ్లు, నాకు ఆ నమ్మకం గట్టిది.

పదిహేను దినాలు వాడు కిటికీ బ్లైండ్స్ మూసుకొని పండుకున్నడు, ఇంట్ల ఫ్లూ అని చెప్పిండు. మైక్రోవేవ్ కుయ్‌మంటే చెవులు మూసుకుంటుండె. నేను ఊకె పరీక్షలు పెడుతుంటి. "మీ పెద్దమ్మ పేరేందిరా? మన ఊరి బస్టాండ్ల మనం తిన్నదేందిరా?" "యూ ఆర్ బీయింగ్ వియర్డ్" అని నవ్వుతుండె. నవ్వితే ఒక పూట పానం నిమ్మలపడేది. మల్ల ఆటకు పోయిండు. నేను గరాజ్‌ల మిరపకాయలు రెండింతలు చేసిన.

డిసెంబర్‌ల కాలేజీ కోచ్ ఇంటికొచ్చిండు. తలుపంత మనిషి. సరిత బూట్లు ఇడువుమంటే ఇడిసిండు, సాక్సుకు బొక్క! నేను కారంగ సర్వపిండి రొట్టెలు పెట్టిన, కండ్లపొంటి నీళ్లు కారుతుంటే గూడ మూడు తిన్నడు. వాళ్ల కాలేజీల ఆడితే నాలుగేండ్ల చదువు ఖర్చు వాళ్లదేనంట. పిలగాడు "ఐయామ్ కమింగ్, సర్" అని మాటిచ్చిండు. సరిత ఏడ్సింది సంబురంతోని. అప్పుడా కోచ్ నా దిక్కు మల్లి, "గ్రాండ్‌మాకి ఏమైనా అడగాలని ఉందా?" అన్నడు. సరిత తెలుగుల చెప్పింది.

నోరు తెరిసిన బిడ్డా. వాడు నా దిక్కే జూసుకుంట మెల్లగ తన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.

"ఇంకొకటి ఏసుకొమ్మను" అన్న.

అందరు నవ్విన్రు. నాకు ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటది.

ఇగ ఫిబ్రవరిల సంతకాలు. ఇక్కడొక పద్ధతి. ఇస్కూల్ల అందరి ముందట టేబుల్ మీద ఎర్ర టోపీ, నీలి టోపీ పెడుతరు, ఏ కాలేజీకి పోతవో ఆ టోపీ పెట్టుకోవాలె. అందరికీ తెల్సిందే, అయినా తమాషా. మావోనిది నీలిది. మాధవ్ గూడ ఆ నీలి అంగే తొడుక్కొచ్చిండు.

వాడు చెయ్యి చాపిండు. ఎర్రది తీసి పెట్టుకున్నడు.

జనం "ఓ!" అని ఒక్కటే నవ్వుడు. పిలగాండ్లు అట్ల ఆటపట్టిస్తరంట, అలవాటేనంట. సరిత గూడ నవ్వుతుంది. నేను వాని కండ్లు జూశిన. వాడు నవ్వుతలేడు. మెల్లగ వాళ్ల నాయిన దిక్కు మల్లిండు, ఆ అంగి జూసిండు. అంగి రంగు జూసి, ఎర్రది తీసి నీలిది పెట్టుకున్నడు.

వాడు సంతకం పెట్టిండు. వాళ్ల నాయిన గూడ పెట్టాలెనంట, పెన్ను ఆయనకిచ్చిండు. అల్లునితోని నేను ఎన్నడూ ఎదురుంగ నిలవడి మాట్లాడలే, ఏదున్నా సరితతోనే చెప్పిస్తుంటి. ఆ దినం లేచిపోయి ఆయన చేతుల పెన్ను గుంజుకున్న. "వద్దు. సంతకం పెట్టకుర్రి. దెబ్బ తగిలిన తెల్లారి వీడు తాత ఏడని అడిగిండు. నాలుగు నెలలైంది" అన్న.

సరిత మొఖం... వద్దు తియ్యి.

పిలగాడు అరువలే. టోపీ తీసి టేబుల్ మీద పెట్టిండు. "నా తల మీద ఒట్టు వేశావ్ అమ్మమ్మా" అన్నడు. గంతే. అంత మంచి తెలుగు వాడు ఎన్నడూ మాట్లాడలే.

డాక్టర్ దగ్గరికి తీస్కపోతే ఒక్క దెబ్బ గాదంట. మూడంట. ముందటి రెండు నాకు గూడ చెప్పలే. ఇగ ఆడొద్దన్నరు. కాలేజీ ముచ్చట ఆడికే ఆగిపోయింది. వాడు ఈ నీలి టోపీ చెత్తడబ్బల పడేసిండు, నేను తీసి కడిగి ఇక్కడ పెట్టిన. తప్పిన ఒట్టు ఆ తల మీదనే ఉన్నది గదా. తలను తెచ్చి దేవుని దగ్గర పెట్టలేను, దాని మీద కూసున్న టోపీనైతే తెచ్చిన. నేను ఈడున్నన్ని దినాలు రోజూ రెండు అక్షింతలేస్త.

ఎనిమిది నెలలు నాతోని మాట్లాడలే. నేను ఊరికి పోయిన. తర్వాత ఒక ఆదివారం ఫోన్. "హాయ్ అమ్మమ్మా. అమ్మ పేరు సరిత. నాన్న పేరు మాధవ్. తాతయ్య లేడు. ఓకే?" అన్నడు. నేను ఏడ్సిన, వాడు నవ్విండు. ఇప్పుడు ఆస్టిన్‌ల ఉట్టి చదువే. ఆదివారం పదికి ఫోన్ చేస్తడు, రోజు బడిల హాజరు చెప్పినట్టు మొదలు ఆ మూడు మాటలు చెప్తడు. పోయిన వారం అమ్మ పేరు చెప్పిండు, నాయిన పేరు చెప్పి జర ఆగిండు. ఎంతసేపో ఆగిండు. తాత ముచ్చట చెప్పకుంటనే మల్ల నవ్విండు. ఆటపట్టిస్తుండనే అనుకున్న. గట్లనే అనుకోవాలె గదా?

ఇయ్యాల ఆదివారమే గదా, టైమెంత? పదీ ఇరవయా! నా ఫోన్ జర జూడు, సౌండ్ ఉన్నదా?

ఉన్నదా.

నువ్వు సల్లంగుండు బిడ్డా. నీ నెత్తి సల్లంగుండ. మీ అమ్మకు దాచి ఏ దెబ్బా మొయ్యకు, నేను చెప్పినా సరే, ఎవలు ఒట్టేసినా సరే... ఆగు, ఆగు. మోగుతుందా? మైక్రోవేవా అది?

సరే. పోకు, కూసో. వాడు చేసేదాంక కూసో.