దాలయ్య వేసిన పీచు పరుపు

ఏది ముందో ఏది తర్వాతో నేను అటూ ఇటూ చేసి ఉండవచ్చు, మన్నించాలి. దాలయ్య మాటలు మాత్రం ఆ సాయంత్రమే రాసి పెట్టుకున్నాను.

మా వీధికి అరమైలు దూరంలో ఊరి మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. కంపు భరించలేక, దాన్ని ఇక్కణ్ణించి ఎత్తేయమని చంద్రశేఖరం మాస్టారు అర్జీ రాశారు. సంతకాలకు అందరూ మా అరుగు మీద చేరారు. ప్లాంటు ఎత్తేస్తే అక్కడ మోటార్లు చూసుకునే దాలయ్య పని పోతుంది. అందుకని అతనూ వచ్చి, కాగితం పక్కనే చతికిలబడ్డాడు.

"మాస్టారూ, సంతకాలు తర్వాత, ముందు నాను సెప్పింది ఇనండి. ఆ కంపు నాను తీసీసినాను. ఎలగంటే, కవిటి నుంచి కొబ్బరిపీచు తెప్పించి, పాత తొట్టిలో నడుం లోతు పరుపేసి, బాగా తడిపి, మురుగు దిగే గదిలోని గాలిని ఫ్యానెట్టి ఆ పీచు కిందనుంచి తోయించినాను. పీచులో కంటికి కనబడని పురుగులుంటాయి, అవి కంపుని తినీస్తాయి. సెప్పింది ఇంజినీరుబాబు, సేసింది నాను."

"పీచు లారీ నానూ సూసినాను," అన్నాడు ఎదురుగా టీకొట్టు నడిపే హరిబాబు.

ఆ ఒక్క మాటతో దాలయ్యకు ఊపొచ్చింది.

"సూసినావు కదా. ఆ తర్వాత ఏటయిందో తెల్సా? నాలుగో రోజుకి కంపు నేదు. వారానికి మల్లిపూల వాసన. పదో రోజుకి తేనెటీగలొచ్చి పైపుకి పట్టెట్టినాయి, నాను బిందెడు తేనె తీసినాను."

"మురుగు తేనా మావా?" అన్నాడు అరుగు చివరనున్న కుర్రాడొకడు.

"నాకి సూసి అప్పుడు మాటాడరా. ఇంకా ఇను. గాలి తిరిగి ఆ వాసన సీపురుపల్లి స్టేషను దాకా ఎలిపోనాది. రైల్లో జనం దిగిపోయి మళ్లీ ఎక్కరు. గార్డు జెండా ఊపి ఊపి సెయ్యి నొప్పెట్టి, ఆకరికి ఆడూ దిగిపోనాడు. ఎచ్చెర్లలో సదివే పిల్లలు సీసాలు పట్టుకొచ్చి గాలి నింపుకెల్లినారు, పరీచ్చకి ముందు ఒకపాలి పీలిస్తే పాఠం మరిసిపోరట. అంతెందుకు, కొత్తవలసలో అత్తరమ్మేవోడు కొట్టు కట్టీసి నా కాడికొచ్చి ఏడిసినాడు, 'అన్నా, నాను బతకాల, వారానికొక్క రోజు ఆ ఫ్యానాపు' అని. జాలేసి ఆదివారాలు ఆపతన్నాను."

"అందుకేనా మనకి ఆదివారాలు అంత కంపు?" అన్నారు మాస్టారు.

"మరేటనుకున్నారు? మొన్న కార్తీకంలో వనభోజనాలు ప్లాంటులోనే పెట్టుకుంటామని నాలుగు వీధులోళ్లు నన్నడిగినారు. ఆ తొట్టి గట్టు మీద ఆకేసుకుని కూకుంటే పప్పుకి పోపక్కర్నేదు, ఆ గాలే పోపు."

గోడ పక్కన కందికాయలు వలుస్తున్న అతని భార్య చిన్నతల్లి తల ఎత్తకుండానే అడిగింది.

"మరి నువ్వేటి రోజూ మద్దినేళ మండుటెండలో సైకిలేసుకుని అన్నానికి ఇంటికొస్తావు? కేరేజీ కడతానంటే, అక్కడ ముద్ద దిగదంటావు?"

అరుగంతా నవ్వింది. దాలయ్య తల గోక్కున్నాడు, అర్జీ వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"సగం తగ్గినాది మాస్టారూ. అది మాత్రం అబద్దం కాదు. పీచు తడారితే మళ్లీ వస్తాది. రెండో తొట్టికీ పరుపేస్తే ఇంకా తగ్గుతాది. అడిగినాను, పీచియ్యనేదు."

సగం తగ్గిన మాట అందరం ఒప్పుకున్నాం. పోయినేడు ఈ వేళకు తలుపులు బిగించుకుని లోపల కూర్చునేవాళ్లం. మాస్టారు పాత అర్జీ చింపేసి కొత్తది రాశారు: ప్లాంటు ఉండనివ్వండి, రెండో తొట్టికి పీచు పంపించండి. మొదటి సంతకం దాలయ్యే పెట్టాడు. దాని పక్కన, ఎవరూ అడక్కుండానే, 'ఇది నిజం' అని కూడా రాశాడు.

యమునా, ఇది సాపు రాసేటప్పుడు పేర్లు ఒకసారి సరిచూడవే అమ్మా. టీకొట్టు అతను హరిబాబో, వాళ్లన్నయ్యో నాకు అనుమానంగా ఉంది.