ఆఖరి ఇరవై నిమిషాలు

ఆఁ, దాక్కున్నావ్‌లే! గడ్డకట్టిన సరస్సు నడిమధ్య, మంచు మీద, దాక్కోడానికి నేను చేపలు పట్టుకునే గదే దొరికిందా నీకు? పొయ్యి గొట్టంలోంచి పొగ వస్తుంటే మీ నానమ్మ వంటింటి కిటికీలోంచే చూసేసింది. కాస్త జరుగు. ఆ బకెట్టిలా బోర్లించు, కూర్చుంటాను. మోకాళ్లు పట్టేశాయి.

చేపలేవీ? ఒక్కటీ పడలేదా? ఎర పెట్టకుండా గాలం వేస్తే ఎలా పడతాయిరా ఐవరూ? ఎర డబ్బా మూత కూడా తియ్యలేదు నువ్వు!

అది సరే, ఇంటికి మూడుసార్లు ఫోనొచ్చింది. కాలేజీ ఐస్ హాకీ కోచ్. అదే, నిన్ను గోల్ కీపర్‌గా తీసుకుంటానన్నాయన. మీ నానమ్మకి ఏం చెప్పాలో తెలీక, బాత్రూంలో ఉన్నాడంది. మూడుసార్లూ బాత్రూమే! నీ కడుపు గురించి ఆయన ఏమనుకున్నాడో ఏమో.

నవ్వు రాలేదా? సరే, నవ్వకు.

ఇంగ్లీషు గట్టెక్కావ్. లెక్కలు గట్టెక్కావ్. ఫిజిక్సు ఎలా గట్టెక్కావో ఆ దేవుడికీ మీ మాస్టారికీ తెలియాలి. కాలేజీలో ఆడాలంటే కావల్సినవన్నీ అయ్యాయి. మిగిలింది ఒక్క కాగితం. ఎప్పుడైనా బయటి పెద్ద జట్టు తరఫున మ్యాచ్ ఆడావా అని అడుగుతున్నారు. జవాబు రాయడానికి రేపే ఆఖరు. నువ్వేమో ఇక్కడ కూర్చుని మంచులో తవ్విన ఈ కన్నంలోకి చూస్తున్నావ్.

ఆడావు కదా మరి! కెనడా జట్టు వాళ్లు శిబిరానికి పిలిచారు, వెళ్లావు. ప్రాక్టీసు చెయ్యొచ్చు, మ్యాచ్ మాత్రం ఆడకు, ఆడితే కాలేజీకి పనికిరావని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపించానా? వాళ్ల కీపర్ మోకాలు మెలితిరిగింది, కాస్త నిలబడు బాబూ అన్నారు, నువ్వెళ్లి ఆఖరి ఇరవై నిమిషాలూ నిలబడ్డావు. ఏంటీ, ప్రాక్టీసే అనుకున్నావా? జనం టిక్కెట్టు కొని కూర్చుంటే అది మ్యాచేరా సన్నాసీ! ఎన్ని గోల్స్ వదిలావ్? ఐదా? ఐదు వదిలిన దాన్ని కూడా ఆడటం అంటారా అని వాళ్లనే అడిగి చూద్దాం. ఒప్పుకుంటారేమో!

ఏమన్నావ్? గొణక్కుండా చెప్పు.

ఓహో. నా గతే నీకూనా?

అవున్లే, నా గతి ఊరందరికీ తెలుసు. టోయివో లాహ్తీ, పాపం, డెబ్భై ఒకటిలో కెనడా జట్టుకి ఒక్క ఆట ఆడి కాలేజీ పోగొట్టుకున్నాడు, ఇనుప గనిలో పనికి కుదిరాడు, అంటారు. కాఫీ హోటల్లో ఈ కథ నాకంటే వాళ్లే బాగా చెప్తారు. గోడకి నా ఫోటో కూడా తగిలించారు. మీ నానమ్మ అది వినే నన్ను చేసుకుంది. అంత అన్యాయం జరిగిన మనిషికి కనీసం వేడివేడిగా తిండైనా పెట్టాలనుకుందట.

ఇటు చూడకు. ఆ నీళ్లలోకే చూడు. నువ్వు నా మొహం చూస్తుంటే నేను చెప్పలేను.

నాకు అప్పుడు ఉత్తరం వచ్చిందిరా. కాలేజీ నుంచి. జరిగింది జరిగినట్టు రాసి పంపు, మొదటి ఆరు ఆటలూ బయట కూర్చో, తర్వాత ఆడుదువుగాని, అని. అంతే. ఆరంటే ఆరే! ఆ శనివారం ఆవిరి స్నానాలకి పొయ్యి వెలిగించడం నా వంతు. కట్టెల కింద ఆ ఉత్తరం పెట్టి అంటించేశాను.

ఎందుకా? భయంరా. ఇక్కడ నేనొక్కణ్ణే మొనగాణ్ణి. అక్కడ అందరూ మొనగాళ్లే. ఆడలేక వెనక్కొస్తే? అంతకంటే, రానివ్వలేదని చెప్పుకోడం తేలిక కదా. మా నాన్న అయితే నా భుజం మీద చెయ్యి వేసి, పోనీలేరా అన్నాడు. నేను పుట్టాక ఆయన చెయ్యి ఆప్యాయంగా నా మీద పడటం అదే మొదలు. ఇంకెలా చెప్పను నిజం?

నిన్ను ఎన్ని ఆటలు కూర్చోబెడతారో నాకు తెలీదు. అసలు వద్దే వద్దనొచ్చు. అననీ. ఆ మాట వాళ్ల నోటితో అనాలి, నువ్వు అనుకోకూడదు.

లే. వెళ్లి ఆ కోచ్‌కి ఫోన్ చెయ్. ఇరవై నిమిషాలూ, ఐదు గోల్సూ, ఏదీ దాచకుండా చెప్పు. టోపీ పెట్టుకో, చెవులు ఊడిపోతాయ్.

నేనా? కాసేపాగి వస్తాను. మీ నానమ్మకి ఆ ఉత్తరం సంగతి చెప్పాలి కదా, మాటలు కూడదీసుకోవాలి. కోపం వస్తుందంటావా? వస్తే వచ్చిందిలే. నలభై ఏడేళ్లు ఊరు ఊరంతా నన్ను చూసి పాపం అంది. సిగ్గులేక చెప్తున్నానురా, నాకది చాలా బాగుండేది.